ఫ్రీ డిష్ రికార్డింగ్: ఇంటి నెట్‌వర్క్‌లో ఏ ఫార్మాట్ వాడాలి?

ప్రశ్న క్లుప్తంగా: "మాది పర్లాకిమిడి. మేడ మీద ఫ్రీ డిష్, కింద రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్, ఇక్కడ 'పై' అంటే ఇదే), దానికి యూఎస్‌బీ ట్యూనర్ (డిష్ సిగ్నల్‌ని అందుకునే పరికరం), టీవీహెడెండ్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్). ఇంట్లో మూడు టీవీలు, రెండు ఫోన్లు. అమ్మకి సప్తగిరి కావాలి, మా ఆవిడకి డీడీ ఒడియా. రికార్డింగ్‌ని నేరుగా ఎంపీ4గా దాచే స్క్రిప్ట్ పెట్టాను. కరెంటు పోయిందంటే ఆ ఫైలు మళ్ళీ తెరుచుకోదు. అమ్మ గదిలో పాత టీవీలో బొమ్మ వస్తుంది, మాట రాదు. ఫోన్ బ్రౌజర్‌లో అసలేమీ రాదు. అన్నీ హెచ్.265 చేసేయమని ఒకరు సలహా ఇచ్చారు. చెయ్యాలా?"

వద్దు. హెచ్.265 సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ స్క్రిప్ట్ తీసేయండి. డిష్ నుంచి వచ్చింది వచ్చినట్టే డిస్క్ మీద పడనివ్వండి. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో రెండు అక్కడితోనే పోతాయి.

నేను బరంపురంలో సీసీ కెమెరాలు, నెట్‌వర్కింగ్ పని చేస్తాను. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం దాకా తిరుగుతుంటాను. ఇలాంటి సెటప్ ఉన్న ఇళ్ళన్నిట్లోనూ వినపడే మాట ఒక్కటే: "ఏ ఫార్మాట్ మంచిది?" ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఎంపీ4, ఎంకేవీ, టీఎస్ అనేవి కంటైనర్లు, అంటే సంచులు. ఎంపెగ్-2, హెచ్.264, హెచ్.265 అనేవి కోడెక్‌లు, అంటే వీడియోని కుదించే పద్ధతులు, సంచిలో ఉన్న బియ్యం. సంచి మీద పేరు చూసి లోపల ఏ రకం బియ్యమో చెప్పలేం. మీ ఎంపీ4లో ఉన్నది చాలావరకు ఎంపెగ్-2 వీడియోనే. ఫోన్‌కి నచ్చనిది ఆ బియ్యం, కరెంటు పోతే చిరిగేది ఆ సంచి.

అసలు డిష్ నుంచి ఏం వస్తుందో చూద్దాం. దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్ అయిన ఫ్రీ డిష్ 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది. అప్పటికి ఇళ్ళల్లోకి వచ్చిన బాక్సులన్నీ ఎంపెగ్-2 బాక్సులే. వాటిని ఒక్క రోజులో మూలన పడేయలేరు కాబట్టి చాలా ఛానెళ్ళు ఈనాటికీ ఎంపెగ్-2లోనే వస్తున్నాయి, కొన్ని మాత్రం ఎంపెగ్-4లో, అంటే హెచ్.264లో. రెండూ మన ట్యూనర్‌కి చేరేది ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ రూపంలోనే. దాన్ని అలాగే ఫైలుగా దాస్తే టీఎస్ ఫైలు అవుతుంది.

టీఎస్‌ని తయారు చేసిందే దారిలో డేటా పోతుందని తెలిసి. మొత్తం స్ట్రీమ్‌ని 188 బైట్ల చిన్న ప్యాకెట్లుగా కోస్తారు. ప్రతి ప్యాకెట్ మొదట్లో ఒకే గుర్తు బైటు ఉంటుంది. ఏ ఛానెల్‌లో ఏ వీడియో, ఏ ఆడియో ఉన్నాయో చెప్పే పట్టికలు సెకనులో చాలాసార్లు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి. అందుకే మీరు సీరియల్ మధ్యలో టీవీ పెట్టినా బొమ్మ వస్తుంది. ఫైలుకీ అదే వర్తిస్తుంది. మధ్యలో తెగినా, చివర తెగినా మిగిలిన ముక్క ఆడుతుంది. వైశాఖంలో సాయంత్రం గాలివాన పట్టుకుని పది నిమిషాలు సిగ్నల్ పోయిందనుకోండి, ఆ పది నిమిషాలు గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది లేదా ఉండదు, తర్వాతది మామూలే. ఈ డిష్ వాడే కేయూ బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీలకి గట్టి వాన అంటే పడదు. దానికి ఏ ఫార్మాట్ పెట్టినా మందు లేదు. డిష్‌ని కాస్త గట్టిగా బిగించి, గురి సరిచేసి ఉంచుకోవడమే. మన వైపు నుంచి 93.5 డిగ్రీల తూర్పున ఉన్న ఆ శాటిలైట్ దక్షిణానికి కొంచెం తూర్పుగా, తల బాగా పైకెత్తి చూడాల్సినంత ఎత్తులో ఉంటుంది. కాబట్టి పక్కింటి మేడ అడ్డొచ్చే సమస్య తక్కువ, కొబ్బరి మట్టలు వచ్చే సమస్య ఎక్కువ.

ఇక ఎంపీ4. ఇందులో వీడియో డేటా ఒక దిక్కు, ఏ ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో చెప్పే సూచిక ఒక దిక్కు ఉంటాయి. ఆ సూచిక పేరు మూవ్ ఆటం. మామూలుగా రికార్డింగ్ ముగిశాక, ఫైలు మూసే ముందు దాన్ని చివర్న రాస్తారు. గంటన్నర కార్యక్రమంలో గంటా ఇరవై తొమ్మిది నిమిషాల దగ్గర కరెంటు పోతే ఏమవుతుంది? డేటా అంతా డిస్క్ మీదే ఉంటుంది, సూచిక మాత్రం ఉండదు. ప్లేయర్‌కి అదంతా అర్థం లేని బైట్ల కుప్ప. ఫైలు సైజు చూస్తే నిక్షేపంలా ఉంటుంది, నొక్కితే తెరుచుకోదు. మీకు జరుగుతున్నది ఇదే. ఫాస్ట్ స్టార్ట్ అనే ఆప్షన్ పెట్టమని కొందరు చెప్తారు. అది సూచికని ముందుకి జరుపుతుంది, నిజమే, కానీ ఫైలు పూర్తయ్యాకే జరుపుతుంది. కరెంటు విషయంలో అది మీకు పనికిరాదు. సూచికని ముక్కలు ముక్కలుగా రాసే ఫ్రాగ్మెంటెడ్ ఎంపీ4 అయితే బతుకుతుంది గానీ, పాత టీవీలు దాన్ని చూసి బిత్తరపోతాయి. టీఎస్ ఉండగా ఆ తిప్పలన్నీ ఎందుకు?

ఇప్పటికే పాడైన ఫైళ్ళని చెరిపేయకండి. అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అదే స్క్రిప్ట్‌తో, అదే ఛానెల్ నుంచి తీసిన ఒక మంచి ఫైలుని నమూనాగా ఇస్తే, విరిగిన ఫైలుకి సూచికని మళ్ళీ కట్టడానికి చూస్తుంది. ఒక్కోసారి పూర్తిగా వస్తుంది, ఒక్కోసారి సగం వస్తుంది.

టీవీహెడెండ్‌లో చేయాల్సింది చిన్న పనే. కాన్ఫిగరేషన్‌లో రికార్డింగ్ భాగానికి వెళ్ళి, రికార్డర్ ప్రొఫైల్‌లో స్ట్రీమ్ ప్రొఫైల్‌ని 'పాస్' అని పెట్టండి. పాస్ అంటే వచ్చింది వచ్చినట్టు రాయడం. అక్కడే ముందు రెండు నిమిషాలు, వెనక ఐదు పదినిమిషాలు అదనంగా రికార్డు చేసే ఆప్షన్ ఉంటుంది, అది కూడా పెట్టుకోండి. దూరదర్శన్‌లో లైవ్ కార్యక్రమం ఉన్న రోజు టైం పట్టిక ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. రికార్డింగ్‌లని ఎన్ని రోజులు ఉంచాలో చెప్పే గడువు కూడా ఆ పేజీలోనే ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, ఒకే ట్యూనర్‌తో సప్తగిరి, ఒడియా ఒకేసారి రికార్డు అవుతాయా అని తర్వాత అడుగుతారు. ఆ రెండూ ఒకే ట్రాన్స్‌పాండర్ (కొన్ని ఛానెళ్ళని కలిపి ఒకే ఫ్రీక్వెన్సీ మీద పంపే శాటిలైట్ భాగం) మీద వస్తుంటే అవుతాయి. ట్యూనర్ లాగేది ఛానెల్‌ని కాదు, ట్రాన్స్‌పాండర్ మొత్తాన్ని. అందులో ఎన్ని ఛానెళ్ళుంటే అన్నీ విడివిడి ఫైళ్ళుగా రాసుకోవచ్చు. వేర్వేరు ట్రాన్స్‌పాండర్ల మీద ఉంటే మాత్రం రెండో ట్యూనర్ కావాలి, దానితో పాటు రెండు అవుట్‌పుట్‌లున్న ట్విన్ ఎల్ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే భాగం) కూడా కావాలి. మామూలు కేబుల్ స్ప్లిటర్ పెట్టి రెండు ట్యూనర్లకి పంచితే ఒకటి 13 వోల్టులు, ఒకటి 18 వోల్టులు పంపినప్పుడు ఎల్ఎన్‌బీని చెరో వైపు లాగుతాయి (ఏ రకం సిగ్నల్ పట్టాలో ఎల్ఎన్‌బీకి చెప్పేది ఆ వోల్టులే). అమ్మ ఛానెల్ మారిస్తే ఒడియా రికార్డింగ్ పోవచ్చు, ఇంట్లో గొడవ మొదలవుతుంది. టీవీహెడెండ్‌లో ఆ ఛానెళ్ళ వివరాలు తెరిస్తే ఏది ఏ మక్స్‌లో ఉందో కనిపిస్తుంది. మక్స్ అంటే ఇక్కడ ట్రాన్స్‌పాండరే.

డిస్క్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మెమరీ కార్డు మీద రికార్డు చేయకండి. గంటల తరబడి రాస్తూ చెరుపుతూ ఉంటే కార్డు చస్తుంది, దానితో పాటు మీ సిస్టమ్ అంతా పోతుంది. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ పెట్టండి. కొత్త డిస్క్ తెచ్చి కవరు విప్పగానే వాడేస్తారు చాలామంది. పెన్‌డ్రైవ్‌లలో వచ్చే ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటదు, రికార్డింగ్ అక్కడ ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ హద్దు లేదు, కానీ జర్నల్ (డిస్క్ మీద చేసే మార్పుల చిట్టా) కూడా లేదు. అంటే రాస్తుండగా కరెంటు పోతే ఒక్క ఫైలుతో ఆగక ఫోల్డర్ లెక్కలే తప్పిపోవచ్చు. డిస్క్ ఎప్పుడూ రాస్ప్‌బెర్రీ పై దగ్గరే ఉంటుందంటే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయండి. అప్పుడప్పుడు తీసి విండోస్ కంప్యూటర్‌కి పెడతానంటే ఎన్‌టీఎఫ్‌ఎస్. టీఎస్ సంచి ఎంత గట్టిదైనా దాన్ని పెట్టిన నేల కూలితే లాభం లేదు. (సంచుల మాట ఇక్కడితో ఆపేస్తాను.)

కరెంటు కోసం: మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉండే ఉంటుంది. దాని వెనకో పక్కనో యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ క్షణం ఫ్యాన్‌కి లెక్కలోది కాదు, రాస్ప్‌బెర్రీ పైకి మాత్రం రీస్టార్ట్ అవడానికి సరిపోతుంది. ఇంకో సంగతి, పైని బ్యాకప్ మీద పెట్టి ట్యూనర్ అడాప్టర్‌ని మామూలు ప్లగ్‌లో వదిలేసే ఇళ్ళు చాలా చూశాను. ఎల్ఎన్‌బీకి కరెంటు ఇచ్చేది ఆ ట్యూనరే. పై, ట్యూనర్, డిస్క్, రౌటర్ నాలుగూ ఒకే బ్యాకప్ మీద ఉండాలి.

ఎంత జాగా పడుతుందని భయపడకండి. దీనికి నోటి లెక్క ఒకటుంది: స్ట్రీమ్ వేగం ఎన్ని ఎంబీపీఎస్ ఉంటే దాన్ని 0.45తో గుణిస్తే గంటకి ఎన్ని జీబీలో వస్తుంది. సుమారు 3 ఎంబీపీఎస్ ఉన్న మామూలు ఎస్‌డీ ఛానెల్‌కి గంటకి 1.35 జీబీ. 1 టీబీ డిస్క్‌లో 700 గంటలకు పైనే పడతాయి. వార్తలు చూసి చెరిపేసే ఇంట్లో అది నిండేదెప్పుడు?

ఇప్పుడు అమ్మగారి టీవీ. మీ స్క్రిప్ట్ ఆడియోని మార్చకుండా ఎంపీ4లో పెడుతోందని నా అనుమానం. ఎంపెగ్-2 ఛానెళ్ళతో వచ్చే ఆడియో సాధారణంగా ఎంపీ2 (ఎంపీ3కి అన్నయ్య లాంటిది, పొరపాటు పడొద్దు). టీవీల్లో ఈ ఆడియో విప్పే సత్తా ఉంటుంది, ఎందుకంటే డిజిటల్ ప్రసారాల్లో అది మామూలే. కానీ ఆ టీవీ సాఫ్ట్‌వేర్ ఎంపీ4 ఫైలు అనగానే లోపల ఏఏసీ ఆడియో ఉంటుందని ఎదురుచూస్తుంది. ఎంపీ2 కనిపిస్తే ఊరుకుంటుంది. అదే ఆడియోని టీఎస్‌లో ఇస్తే ప్రసారం అనుకుని పాడేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఒక టీఎస్ ఫైలు వేసి ఆ టీవీకి పెట్టి చూడండి, ఐదు నిమిషాల పని. దీన్ని బట్టి ఒక నియమం పెట్టుకోండి: ఇంట్లో అన్నిటికన్నా పాత టీవీ ఏది ఆడగలదో అదే ఇంటి ఫార్మాట్. కొత్తవి ఎలాగూ సర్దుకుంటాయి.

ఫోన్ బ్రౌజర్ విషయం వేరు. క్రోమ్ లాంటి బ్రౌజర్లు ఎంపెగ్-2 వీడియోని అసలు ఆడవు. ఏ కంటైనర్‌లో పెట్టినా ఆడవు. దీనికోసం రోజూ వీడియోలన్నీ మార్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఫోన్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్ వేసుకోండి. వీడియోని విప్పే డీకోడర్లు దానితోనే వస్తాయి. టీవీహెడెండ్ ఇచ్చే లింకుని అందులో తెరిస్తే సరిపోతుంది. 576 లైన్ల ఎంపెగ్-2ని ఈనాటి ఏ ఫోనైనా సాఫ్ట్‌వేర్‌తోనే లాగేస్తుంది. అలాగే మీ పై 4లో ఎంపెగ్-2కి ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు, ప్రాసెసరే ఆ పని చేస్తుంది, ఎస్‌డీకి అది బాగానే సరిపోతుంది. పాత పైలకి లైసెన్స్ కొని పెట్టాలని చదివి ఉంటారు, మీకు ఆ అవసరం లేదు. పై 5 కొందామని ఆలోచన ఉంటే ఒక మాట: అందులో హెచ్.264కి కూడా హార్డ్‌వేర్ డీకోడర్ లేదు, హెచ్.265కి మాత్రమే ఉంది. ప్రాసెసర్ బలంతో లాగుతుంది గానీ, కొత్తది కాబట్టి అన్నీ ఉంటాయనుకోకూడదు.

హెచ్.265 సలహా ఇచ్చినవారి ఉద్దేశం జాగా ఆదా. 2013లో వచ్చిన ఈ కోడెక్, అంతే నాణ్యతకి హెచ్.264 కంటే బాగా తక్కువ జాగా తీసుకుంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ మీ చేతిలో ఉన్నది ఇప్పటికే నొక్కేసిన ఎంపెగ్-2. అందులో పోయిన వివరం తిరిగి రాదు. కొత్త కోడెక్ ఆ గళ్ళనీ, అంచుల చుట్టూ ఉండే దోమల్లాంటి చుక్కల్నీ కూడా శ్రద్ధగా కాపీ చేయడానికి బిట్లు ఖర్చు పెడుతుంది. రాస్ప్‌బెర్రీ పై మీద ఒక గంట వీడియో మారడానికి గంటలు పడుతుంది. చివరికి అమ్మగారి టీవీ దాన్ని ఆడదు. గంటకి 1.35 జీబీలో సగం మిగల్చడానికి ఇంత యాగీ నాకైతే దండగ అనిపిస్తుంది.

ఎప్పటికీ దాచుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. మీ ఊరి వారెవరైనా టీవీలో కనిపించిన కార్యక్రమమో, పిల్లలు స్టేజీ మీద ఉన్నదో. వాటిని మార్చదలిస్తే కంప్యూటర్ మీద హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌తో హెచ్.264కి మార్చండి, నాణ్యత అంకె 18, 20 మధ్య ఉంచండి (అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది), ఆడియో ఏఏసీ. అసలు టీఎస్‌ని కూడా ఇంకో డిస్క్‌లో ఉంచండి. మార్చేటప్పుడు రెండు చోట్ల చెయ్యి జారుతుంది. మొదటిది ఇంటర్లేసింగ్. మన టీవీ ప్రసారం సెకనుకి 25 పూర్తి బొమ్మలుగా కాక, 50 సగం బొమ్మలుగా వస్తుంది, ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు. వాటిని సరిగ్గా కలపకపోతే క్రికెట్‌లో బంతి, కింద పరుగెత్తే వార్తల పట్టీ దువ్వెన పళ్ళలా చీలిపోతాయి. హ్యాండ్‌బ్రేక్‌లో డీఇంటర్లేస్ దగ్గర 'బాబ్' ఉన్న ఆప్షన్ ఎంచుకుంటే 50 సగాలూ 50 బొమ్మలవుతాయి, కదలిక నున్నగా ఉంటుంది. 25కి కుదిస్తే పట్టీ కుదుపుతుంది. రెండోది బొమ్మ ఆకారం. ఎస్‌డీ బొమ్మ లోపల సాధారణంగా 720 బై 576గా ఉంటుంది, దాన్ని 4:3గా చూపాలో 16:9గా చూపాలో చెప్పే గుర్తు పక్కన ఉంటుంది. ఆ గుర్తు పోయిందంటే వార్తలు చదివే అమ్మాయి ముఖం సన్నగా సాగిపోతుంది, లేదా బూరెలా ఉబ్బుతుంది. మార్చాక ఒక నిమిషం పాడి చూసి, ఆ తర్వాతే పాతదాన్ని ఆ ఇంకో డిస్క్‌లోకి పక్కన పెట్టండి.

టీఎస్‌కి లోపాలు లేవా అంటే ఉన్నాయి. అందులో సూచిక లేదు కాబట్టి ముందుకి జరిపితే కొన్ని టీవీలు తడబడతాయి, మొత్తం నిడివి కూడా తప్పుగా చూపుతాయి. ఇంకో వింత: టీఎస్‌లో సమయం లెక్కపెట్టే గడియారం 33 బిట్లది. సెకనుకి 90,000 చొప్పున పెరుగుతూ, సుమారు 26న్నర గంటలకోసారి మళ్ళీ సున్నాకి వస్తుంది. మీ రికార్డింగ్ మధ్యలో ఆ క్షణం పడితే గంట కార్యక్రమం 26 గంటలని చూపించొచ్చు. ఫైలు పాడైందని కంగారు పడొద్దు. ఇలాంటి వాటికీ, దాచుకునే వాటికీ రికార్డింగ్ పూర్తయ్యాక ఎంకేవీలోకి మార్చండి. ఇది కోడెక్ మార్చడం కాదు, లోపలిది అలాగే ఉంచి కంటైనర్ మాత్రం మార్చడం. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ప్రోగ్రామ్‌లో ఫైలు లాగి వదిలి ఒక బటన్ నొక్కితే, డిస్క్ ఎంత వేగంగా రాయగలదో అంత వేగంగా అయిపోతుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ వాడేవాళ్ళు కోడెక్ కాపీ పెడితే చాలనుకుంటారు. కానీ దాని మానాన దాన్ని వదిలేస్తే అది ఒక వీడియో, ఒక ఆడియో మాత్రమే తీసుకుంటుంది. రెండు మూడు భాషల ఆడియో ఉన్న ఛానెల్ అయితే మీ ఇంట్లో సగం మంది భాష అక్కడే రాలిపోతుంది. అన్ని ట్రాకులూ తీసుకోమని మ్యాప్ ఆప్షన్‌తో చెప్పాలి. వానలో తెగిన రికార్డింగ్‌ని మార్చాక పెదాలకీ మాటకీ తేడా వస్తే ఆ ఒక్కదాన్ని టీఎస్‌గానే వదిలేయండి.

వైఫై మీద ఎక్కువ చెప్పను. 3 ఎంబీపీఎస్ ఏ రౌటరైనా మోస్తుంది, 100 ఎంబీపీఎస్ పాత కేబుల్ పోర్టు కూడా ముప్పై స్ట్రీములకి సరిపోతుంది. టీవీలకి కుదిరితే కేబుల్ లాగండి, పాత ఇళ్ళ మందం గోడలకి అదే మేలు. మల్టీకాస్ట్ (ఒకే స్ట్రీమ్‌ని అందరికీ ఒకేసారి పంపే పద్ధతి) అనే మాట ఎక్కడైనా కనిపిస్తే వైఫైలో దాన్ని ఆపేయండి. వైఫై ఆ ప్యాకెట్లని అన్నిటికన్నా నెమ్మది వేగంతో, అందిందో లేదో అడక్కుండా పంపుతుంది, బొమ్మ ముక్కలవుతుంది. టీవీహెడెండ్ మామూలుగా ఇచ్చే హెచ్‌టీటీపీ లింకు, కోడి (Kodi) అనే ప్లేయర్ యాప్‌కైతే టీవీహెడెండ్ సొంత పద్ధతి హెచ్‌టీఎస్‌పీ, ఇవి చాలు.

ఫ్రీ డిష్ కాకుండా డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సు వెనక పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేసిన ఫైళ్ళ గురించి కూడా చాలామంది అడుగుతారు. అవి ఆ బాక్సుకే తాళం వేసి ఉంటాయి, ఇంకో టీవీలో ఆడవు. దానికి ఫార్మాట్ మార్చే ఉపాయం లేదు, వెతకొద్దు. మన సొంతానికి ప్రసారాన్ని రికార్డు చేసుకోవడాన్ని కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ అనుమతిస్తుంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో పంచడం సొంతం కిందికి రాదు.

పాస్ ప్రొఫైల్ పెట్టాక ఒక అరగంట సప్తగిరి రికార్డు చేసి, మధ్యలో కావాలనే రాస్ప్‌బెర్రీ పై ప్లగ్ పీకి చూడండి. అప్పటిదాకా ఉన్నది ఆడాలి. తర్వాత ఆ ఫైలునే పెన్‌డ్రైవ్‌లో అమ్మగారి టీవీకి పెట్టండి. అప్పటికీ మాట రాకపోతే టీవీ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు, టీవీహెడెండ్‌లో ఆ ఛానెల్ ఆడియో ఏ రకమని చూపిస్తుందో ఆ రెండూ ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.